బురదలో చక్కెర బండ్లు

చక్కెర యనగానే మన కన్నుల యెదుట నిలుచునది చెఱకు తోట, బెల్లపు పొయ్యి, క్రషింగు రోజులలో మిల్లు వాకిట బారులు తీరిన ట్రాక్టర్లు, లారీలు. బోధనులో నిజాం చక్కెర కర్మాగారము 1937లో నెలకొన్న నాటినుండి 2015లో మూతపడు వఱకు తెలంగాణమున పెక్కుమందికి చక్కెర యనగా ఆ పొగగొట్టమే, ఆ మడ్డి వాసనయే. కాని భూమండలమున తయారగు చక్కెరలో సుమారు అయిదవవంతు చెఱకునుండి గాక, చలిదేశముల మన్నులో దాగి పెరుగు ఒక తెల్లని దుంపనుండి వచ్చుచున్నది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో తీయు చక్కెరలోనైతే సగమునకు పైగా ఆ దుంపదే. షుగర్‌బీట్ అను ఈ చక్కెర దుంప మనము కూర వండుకొను ఎఱ్ఱని బీట్‌రూటునకు దగ్గరి చుట్టమే యైనను, రంగును రుచియు వేఱు, పరిమాణమును పెద్దది. దాని బరువులో ఇంచుమించు ఆరవవంతు చక్కెరయే. దానిని పండించుటకన్న, పండినదానిని పొలమునుండి బయటికి తెచ్చుటలోనే కష్టమంతయు కలదని ఆ పని యెఱిగినవారు చెప్పుదురు. ఆ కష్టములోను సగము చినుకుపడిన పిదప దుంపల ట్రక్కు తోలువానిది.

ఈ దుంప చరిత్ర పెద్దది కాదు. 1747లో బెర్లిను నగరమున మార్గ్రాఫ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు దుంపలోని తీపియు చెఱకులోని తీపియు ఒక్కటేయని నిరూపించెను. ఆయన శిష్యుడు ఆఖార్డ్ సైలీషియాలోని కూనెర్న్ గ్రామమున 1801లో తొలి దుంపచక్కెర కర్మాగారమును కట్టెను. ఇంగ్లండుతో యుద్ధము వలన వెస్టిండీసు చక్కెర ఐరోపాకు వచ్చు దారులు మూసుకొనినపుడు నెపోలియను ఈ దుంపను గట్టిగా పట్టుకొనెను. 1812లో డెలెస్సెర్ అను వర్తకుడు తన కర్మాగారమున మేలైన చక్కెర తీసెనని విని, చక్రవర్తి స్వయముగ పోయి చూచి, తాను ధరించిన పతకమునే తీసి యతని ఱొమ్మున గ్రుచ్చెనని ప్రసిద్ధి. చక్రవర్తి పోయినను దుంప పోలేదు. అట్లాంటికు దాటి అమెరికాకు చేరి, అక్కడ తనకు మిక్కిలి అనువైన నేలను వెదకికొనెను.

ఆ నేల పేరు రెడ్ రివర్ లోయ. మిన్నెసోటా, నార్త్ డకోటా రాష్ట్రములకు సరిహద్దుగా దక్షిణమునుండి ఉత్తరమునకు పాఱి, కెనడాలోని విన్నిపెగ్ సరస్సులో కలియు నది యిది. లోయ యన్న మాటయే గాని, ఇరుప్రక్కల కొండ యన్నది కానరాదు. మైలునకు అడుగైనను వాలు లేని యంత చదునైన నేల. హిమయుగము ముగియు కాలమున కరగిన మంచునీరు అచట అగాసీ సరస్సను పేర, ఇప్పటి అమెరికా మహాసరస్సు లన్నింటిని కలిపినను సరిపోలని జలరాశిగా వేల యేండ్లు నిలిచి, తుదకు పాఱి తొలగినపుడు అడుగున మిగిల్చిపోయిన మెత్తని నల్లని బంకమన్నే నేటి పొలము. మన నల్లరేగడి నెఱిగిన రైతునకు ఈ మన్నును గూర్చి విశేషించి చెప్ప నక్కఱలేదు. తడిసిన ఉబ్బును, ఎండిన నెఱ్ఱె లిచ్చును. పదను మీద ఉన్నపుడు బంగారము, పదను తప్పినపుడు నాగలికి గాని చక్రమునకు గాని లొంగదు. భూశాస్త్రజ్ఞులు ఆ లోయలోని ఫార్గో నగర పరిసరముల మన్నును, మన దక్కను నల్లరేగడిని వర్టిసాల్ అను ఒకే వర్గమున చేర్చియున్నారు. వాన కురిసిన మఱునాడు ఆదిలాబాదు పత్తిచేనిలో ఎడ్లబండి చక్రము ఆకులు కనబడనంతగా మన్ను చుట్టుకొని తిరుగుట చూచినవారు, అట్టి నేలలో ఇరువది టన్నుల దుంపలు మోయు ట్రక్కును తోలుట యెట్టిదో ఊహించుకొనవచ్చును.

ఈ లోయలో దుంప పండించు రైతులే కర్మాగారములకు యజమానులు. అమెరికన్ క్రిస్టల్ షుగర్ అను సంస్థను 1973లో రైతులు కలిసి కొని సహకార సంఘముగా మార్చుకొనిరి. మూర్‌హెడ్, క్రూక్‌స్టన్, ఈస్ట్ గ్రాండ్ ఫోర్క్స్, హిల్స్‌బరో, డ్రేటన్ ఊళ్లలో దానికి అయిదు కర్మాగారములు, వాటికి దుంప నిచ్చు పొలము సుమారు 4 లక్షల యెకరములు. దక్షిణమున వాపెటన్ నగరమున మఱియొక రైతుల సహకార కర్మాగారము వేఱుగ కలదు. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో కర్మాగారములను నడుపుటకు చాలినంత మట్టుకు కొలదిగా దుంపలు త్రవ్వుచు, అసలు కోతను మాత్రము అక్టోబరు 1వ తేదీకి ఆపియుంతురు. సెప్టెంబరు 30వ తేది అర్ధరాత్రి దాటగానే, లోయ పొడవునను వందలాది పొలములలో ఒక్కసారిగా దీపములు వెలుగును. అది మొదలు దాదాపు రెండువారములు, పగలు రేయి యనక, పండ్రెండు గంటల వంతున మనుష్యులు మారుచు పని సాగును.

అక్టోబరు ఒకటవ తేదీ పంచాంగము చూచి పెట్టిన ముహూర్తము కాదు. త్రవ్వి తీసిన దుంప జీవము గలదియే. అది ఊపిరి పీల్చును, పీల్చునప్పుడెల్ల తనలోని చక్కెరను తానే కరగించుకొనును. పొలములలో కొద్ది దినములలో త్రవ్విన దుంపల నన్నింటిని కర్మాగారములు ఒక్కమారు ఆడలేవు గనుక, 30 అడుగుల ఎత్తు, 200 అడుగులకు పైబడిన వెడల్పు గల గుట్టలుగా ఆరుబయట పోసి, చలికాలమంతయు కొంచెము కొంచెముగా నఱకి ఆడుదురు. వసంతము నడుమ వఱకు ఆ పని సాగును. గుట్ట నిలువవలె నన్నచో దుంప చల్లగా లోనికి పోవలెను. దుంప లోపలి వేడి సుమారు 13 డిగ్రీల సెల్సియసునకు మించినచో కొనుట ఆపివేయుదురు. వెచ్చని దుంపలు నడుగుట్టలో చేరిన అచట వేడి పుట్టి కుళ్లు మొదలై చుట్టుప్రక్కల కంతటికి ప్రాకును. అట్లని చలి ముదురు వఱకు వేచినను చిక్కే. మంచు గడ్డకట్టి దుంప తల చెడినచో, అది కరగినపుడు నీరుకారి చెడును. కనుక గట్టి మంచు కురిసిన రాత్రి తరువాత దుంప తేరుకొను వఱకు మరల కోత ఆపుదురు. ఎండకు ఆగవలెను, మంచుకు ఆగవలెను. ఈ రెంటి నడుమ దొరకు ఇరుకైన వ్యవధిలో వాన పడెనా, ఇక ఆగుటకు తావు లేదు. మన రైతులు అదను పదను అని జంటగా అందురు గదా, ఆ లోయలో అక్టోబరు నెలలో అదను దొరికిన నాడు పదను ఉండదు, పదను కుదిరిన నాడు అదను మిగులదు.

కోత యంత్రముల నొకమాఱు చూచి ముందుకు పోవుదము. మొదట ఆకు కొట్టు యంత్రము రబ్బరు పట్టీలతో దుంప తల మీది ఆకును కొట్టివేయును. దాని వెనుక త్రవ్వు యంత్రము వచ్చును. దుంపలు 22 అంగుళముల ఎడముతో సాళ్లలో పెరిగియుండును. ఒక్కొక్క సాలునకు రెండేసి ఇనుపచక్రములు కోణముగా దగ్గరై దుంపను ఇరుప్రక్కల నొక్కి పైకి పెఱకును. పైకి వచ్చిన దుంపలు ఉక్కు రోలర్ల మీద దొర్లుచు మన్ను రాల్చుకొని, ఎత్తైన పట్టీ మీదుగా ప్రక్కన నడచు ట్రక్కు తొట్టిలోనికి కురియును. పొడినేలలో ఇది చూడ ముచ్చటగా నుండును. తడినేలలో రోలర్ల నడుమ బురద ముద్దలు కట్టి, దుంపయు మన్నును ఒకటై కదలనేరక, యంత్రము మాటిమాటికి నిలిచిపోవుచుండును.

ఇక ట్రక్కు. త్రవ్వు యంత్రము ప్రక్క, అప్పుడే దుంప తీసిన గుల్లనేల మీద, ట్రక్కు తోలువాడు దానితో సమముగ నడువవలెను. వేగము మనిషి వడిగా నడచినంతయే. కాని ఆ వేగము నిలుకడగా నుండవలెను. ఒక గజము ముందునకు పోయినచో దుంపలు తొట్టి వెనుకకు జాఱి నేలబడును; గజము వెనుకబడినచో కేబిను కప్పు మీద రాళ్లవలె దబదబ పడును. తొట్టి ముందుభాగము నిండిన పిదప కొంచెము ముందునకు జరగి, నడుమ, ఆ తరువాత వెనుక నింపించుకొనవలెను. దీనికంతకును సాధనములు ప్రక్క అద్దము, రేడియోలో త్రవ్వు యంత్రము నడుపువాని గొంతు, కుడికాలి బొటనవ్రేలు. నిండుకుండను నెత్తిన పెట్టుకొని సన్నని గట్టు మీద నడచు స్త్రీ కెంత నేర్పు కావలెనో ఇతనికిని అంత నేర్పు కావలెను. చూచువారికి మాత్రము ఇతడు ఏమియు చేయుచున్నట్లు తోచదు. నా దృష్టిలో ఈ పనియందలి గొప్పతనమంతయు అట్లు ఏమియు చేయనట్లు కనబడుటలోనే యున్నది.

బురదలో ఈ నేర్పునకు అసలు పరీక్ష. నిండిన బండి మెత్తని నేలలో కదలుచున్నంత సేపు దిగబడదు. ఆగిన క్షణముననే తన బరువుతో కూరుకొనుట మొదలిడును. కనుక పొలములోనికి దిగునపుడే తగిన తక్కువ గేరును ఎంచుకొనవలెను. నడుమ గేరు మార్చుటకై క్లచ్చి నొక్కినచో ఆ రెండు క్షణములలో బండి వేగము చచ్చి నిలిచిపోవును. డిఫరెన్షియల్ అను భాగము యొక్క స్వభావము ఇట నెఱుగవలసియున్నది. మలుపు తిరుగునపుడు లోపలి చక్రము కన్న బయటి చక్రము ఎక్కువ దూరము పోవలెను గనుక, ఇంజను శక్తిని అది తేలికగా తిరుగు చక్రమునకు పంపును. రోడ్డు మీద ఇది గొప్ప సౌకర్యము. బురదలో ఇదియే శత్రువు. పట్టు దొరకని చక్రము గిరగిర తిరుగుచుండగా, గట్టినేల మీది చక్రము కదలక నిలుచును. అందుచేత ఇరు చక్రములను కలిపి ఒకటిగా త్రిప్పు లాకు ఆ ట్రక్కులకు కలదు. పొలములోనికి దిగుటకు ముందే దానిని వేయవలెను గాని, చక్రములు తిరిగి గోతులు త్రవ్వుకొనిన పిదప వేయరాదు. వేసినచో ఇరుసు విఱుగుటకును అవకాశము కలదు. మరల పొలము దాటి రోడ్డెక్కి మలుపు తిరుగునపుడు దానిని తీయుట మఱవరాదు. క్రొత్తగా వచ్చినవానికి పాతకాపు మొదట చెప్పు మాట ఒకటి: చక్రము తిరిగి బండి కదలనిచో వెంటనే కాలు తీయుము, ఎంత తొక్కిన అంత లోతు.

అప్పుడు ట్రాక్టరు వచ్చును. తడి సంవత్సరములలో ఒక ట్రాక్టరును ఇందుకనియే పొలములో ఉంచుదురు. ట్రక్కు ముందు బలమైన కొక్కెము బిగించియుండును, దానికి పెద్ద పట్టీ తాడో ఇనుపగొలుసో తగిలించి లాగుదురు. కొందరు రైతులు ట్రక్కు వెనుక ఇనుపదూలము కట్టించుకొని, ట్రాక్టరుతో వెనుకనుండి నెట్టించుకొందురు. లాగించుకొనువానికి పని లేదనుకొనుట పొరపాటు. చక్రములను తిన్నగా నుంచి, ట్రాక్టరు జాడలోనే నడచి, తన ఇంజనును గూడ తక్కువ గేరులో తోడుగా పనిచేయించవలెను. మఱీ ఎక్కువ తొక్కినచో తాడు సడలి, తరువాత ఒక్క పెట్టున బిగుసుకొనును. ఆ కుదుపునకు ఇనుపగొలుసు తెగినచో దాని మొన తుపాకి గుండువలె వచ్చును గనుక, గొలుసు బిగిసియుండగా దాని దరిదాపులలో మనుష్యు లెవ్వరును నిలువరాదనుట పొలములో కఠిన నియమము. నేల మఱీ అధ్వానమైనపుడు ట్రక్కులను పొలములోనికి దింపుటయే మానుదురు. వెడల్పైన టైర్లో, రబ్బరు పట్టాలో గల బండిని ట్రాక్టరుతో లాగుచు, దుంపలను పొలము గట్టు దాక తెచ్చి, రోడ్డు మీద నిలిచిన ట్రక్కులలో పోయుదురు. దీనికి ఖర్చెక్కువ, వేగము తక్కువ. కాని నేలకు పడు దెబ్బ కొంత తగ్గును. నిండు ట్రక్కులు బురదలో చేసిన గాడులు ఆ యేటితో పోవు. క్రింది మన్ను గట్టిపడి, మఱుసటి పైరు వేళ్లకును, వాననీటికిని అడ్డుపడును. రైతు ఈ సంగతి యెఱిగియు బండి దింపుచున్నాడన్న, ఎంతటి నిర్బంధములో నున్నాడో యోచింపుడు.

రోడ్డెక్కిన పిదప బురద విడిచిపెట్టునా? టైర్ల నడుమ పట్టిన మన్ను మైళ్ల పొడవున రోడ్డు మీద రాలును. దాని మీద చిఱుజల్లు పడినచో, లేక తెల్లవాఱుజామున మంచు కురిసినచో, కారు తోలువారికి ప్రాణాంతకము. దానిని తుడిపించు బాధ్యత రైతుది. ట్రాక్టరునకు చీపురో బ్లేడో కట్టి గీచి తీయించుచుందురు. ఎంత తుడిచినను, అక్టోబరులో ఆ లోయ రోడ్లపై పోవువారు నెమ్మదిగా పోవుటయే మంచిది.

ట్రక్కు తరువాతి మజిలీ గుట్టలు వేయు స్థలము. మొదట కాటా మీద నిండుబండిని తూచుదురు. తరువాత వరుసలో నిలిచి, వంతు వచ్చినపుడు గుట్ట వేయు పెద్ద యంత్రము కడకు పోవలెను. అచటి మనిషి చేతి సైగలను తప్ప తన బుద్ధిని అనుసరింపరాదు. తొట్టి ఎత్తి దుంపలు గుమ్మరించిన పిదప యంత్రము వాటిని మరల జల్లించి, రాలిన మన్నును తిరిగి అదే ట్రక్కులో పోయును. ఖాళీబండిని మరల కాటా వేసి, రెండు తూకముల తేడాను రైతు ఖాతాలో వ్రాయుదురు. ఇది చాలక, మధ్య మధ్య కొన్ని బండ్లనుండి మచ్చు దుంపలను సంచిలో తీసి ప్రయోగశాలకు పంపుదురు. అచట కడిగి అంటియున్న మన్నెంతయో, లోపలి చక్కెర యెంతయో తేల్చెదరు. రైతునకు సొమ్ము ముట్టునది దుంపల బరువునకు గాదు, వాటినుండి తీయగల చక్కెరకు. కనుక బురద తెచ్చినవానికి బురద తూకపు లాభ మేమియు లేదు సరికదా, దుంపల సందులలో మన్ను చేరి గాలి ఆడనీయనందున గుట్టయే చెడు భయము కూడ కలదు. మన మిల్లుల కాటా వద్ద చెఱకు తూకములో కోతలను గూర్చి జరుగు జగడములు వినినవారు, ఈ లెక్కను ఒకమాఱు తీరికగా చదువదగును. కర్మాగారము తమదే గనుక, ఇచట రైతు తగవులాడవలసినది తన సంఘముతోనే.

ఇంతకు ఈ ట్రక్కులు తోలువా రెవ్వరు? ఇందులో ఏడాది పొడవునను ట్రక్కు తోలుటయే వృత్తిగా గలవారు కొందఱే. ఊరి బడిపంతులు, పింఛను పుచ్చుకొను ముదుసలి, సెలవు పెట్టి వచ్చిన గుమాస్తా, రైతు బావమఱది, కాలేజి కుఱ్ఱవాడు, దక్షిణాఫ్రికానుండి వ్యవసాయపు వీసాపై వచ్చిన యువకుడు, వీరందఱును ఆ రెండు వారములకు కూడుదురు. తమ పొలముల చుట్టుపట్ల పంట తరలించు బండ్లకు వాణిజ్య లైసెన్సు అక్కఱలేకుండ అచటి చట్టము రైతులకు మినహాయింపు నిచ్చియున్నది. గుట్టల వద్ద కాటా చూచుటకును, యంత్రము నడుపుటకును, ఇల్లు వంటి బండ్లలో దేశము తిరుగు విశ్రాంత దంపతులు వేఱు రాష్ట్రములనుండి వచ్చి దిగుదురు. రైతు ఇంటి ఆడవారు వండి పొలములోనికి పంపిన భోజనమును స్టీరింగు ముందే తిని మరల గేరు వేయుటయే గాని, దిగి కూర్చుండి తినుట అరుదు. పండ్రెండు గంటలు ఒకే తీరుగా, నెమ్మదిగా, చీకటిలో అద్దము చూచుచు నడుపుటలో నిద్రయే పెద్ద గండము. బురద కన్న అదియే ఎక్కువ ప్రాణములకు ముప్పని అనుభవజ్ఞులు హెచ్చరింతురు.

నేల ఆఱువఱకు ఆగరాదా యని మన పాఠకుడు అడుగవచ్చును. ఆగుదురు, ఒక్కొక్కపుడు గుట్టల స్థలములనే మూసివేసి ఆగుమందురు. కాని అక్టోబరు నడుమ దాటిన పిదప ఆ యక్షాంశమున ఎండకు బలముండదు, తడిసిన బంకమన్ను ఆఱదు. ఆఱులోగా నేల గడ్డకట్టును. గడ్డకట్టిన నేలలోనుండి దుంప నూడదీయు యంత్రము లేదు. 2019వ సంవత్సరమున సెప్టెంబరంతయు వానలు కురిసి, అక్టోబరు రెండవ వారమున మంచుతుపాను పడినపుడు, లోయ రైతులు ట్రాక్టరు వెనుక ట్రాక్టరు కట్టి త్రవ్వు యంత్రములను లాగించిరి, ట్రక్కులను ఈడ్పించిరి, నవంబరు వఱకు పోరాడిరి. అయినను అమెరికన్ క్రిస్టల్ రైతుల పొలములో మూడవవంతునకు దగ్గఱగా దుంప నేలలోనే మిగిలి గడ్డకట్టెను. కర్మాగారముల ఖర్చు దుంప వచ్చినను రాకున్నను ఒక్కటే గనుక, సంఘపు ఒడంబడిక ప్రకారము త్రవ్వి తేలేని ప్రతి యెకరమునకును రైతు తన చేతి సొమ్ము కట్టవలసి వచ్చెను.